గెలిపిం... చండి: హైదరాబాద్ గోడల మీది రాతల గురించి

(మక్తా గల్లీల్లో గోడల బొమ్మలు చూసే నడక ముగిశాక చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున ఆరున్నరకి ఖైరతాబాద్‌లో కలిశాం, ఇప్పుడు పది దాటింది. కాళ్లు లాగుతున్నాయని తెలుసు. ఫ్యాను కింద కుర్చీ దొరికినవాళ్లు అదృష్టవంతులు. వెనక నిలబడ్డవాళ్లు ఆ బల్లల మీద కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు.

ముందే ఒక మాట చెప్పాలి. నేను బొమ్మలు వేయడం చదువుకున్నవాణ్ని కాదు. బోర్డులు రాసేవాణ్ని. జనగామలో పదిహేడేళ్లకి బ్రష్షు పట్టాను. హైదరాబాద్ వచ్చాక కూడా చాలా ఏళ్లు కిరాణా దుకాణాల బోర్డులు, స్కూలు గోడల మీద సూక్తులు, లారీల వెనక హారన్ కొట్టమని రాతలు, ఇవే రాశాను. తర్వాత ఫ్లెక్స్ వచ్చింది, ఆ పని పోయింది. కాబట్టి ఏ గోడ చూసినా నా కన్ను ముందు అక్షరం మీదకే పోతుంది. ఇది నా జబ్బు. ఈ రోజు మీకు కూడా కొంచెం అంటించాలని వచ్చాను.

పొద్దున మక్తాలో మూడో మలుపు దగ్గర మీరంతా ఫోన్లు తీసి ఒక పెద్ద ముఖం ఫొటో తీశారు కదా. రెండంతస్తుల ఇల్లు, గోడంతా ముఖం. ఎడమ బుగ్గ మీద కరెంటు మీటరు డబ్బా. నుదుటి మీదుగా బట్టలారేసే తీగ, దాని మీద ఒక పిల్లాడి స్కూలు చొక్కా. కింద గదవ దగ్గర రంగు పొరలుపొరలుగా లేచిపోయి లోపలి పాత ఆకుపచ్చ సున్నం కనబడుతోంది. మీరు ఫొటో తీస్తుంటే ఆ ఇంటి పెద్దావిడ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "బొమ్మ ఎట్లుందమ్మా" అని అడిగాను. "బొమ్మ మంచిగనే ఉంది బిడ్డా, గోడకు చెమ్మ మాత్రం ఆగలే" అంది. ఇన్నేళ్లలో ఆ గోడ గురించి నేను విన్న విమర్శల్లో ఇదే బాగుంది.

ఆ బొమ్మలు ఎలా వచ్చాయో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మక్తా అంటే నిజాం కాలపు మాట, నిర్ణీత శిస్తు కట్టే ఒప్పందం మీద ఇచ్చిన భూమి. ఇప్పుడది రాజ్‌భవన్‌కీ రైలు పట్టాలకీ నడుమ ఇరుకు గల్లీల బస్తీ. 2016 చివర్లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు హైదరాబాద్‌లో పండగలాగా చేసిన కార్యక్రమంలో దేశవిదేశాల చిత్రకారులు వచ్చి ఇక్కడి ఇళ్ల గోడల మీద బొమ్మలు వేశారు. ఇది వాళ్ల మొదటి ఊరు కాదు. 2014లో ఢిల్లీలో ఐటీఓ కూడలి దగ్గర అప్పటి పోలీసు హెడ్‌క్వార్టర్స్ గోడ మీద వేసిన నిలువెత్తు గాంధీ బొమ్మ వాళ్ల తొలి రోజుల పనే. దాన్ని వేసింది జర్మనీ చిత్రకారుడు హెండ్రిక్ బైకిర్ష్, మన అన్పు వర్కీ. తర్వాత లోదీ కాలనీ మొత్తాన్ని బొమ్మల పేటగా చేశారు. మన ఊరివాళ్లలో స్వాతి, విజయ్ జంట పెద్దపెద్ద గోడల మీద మామూలు ఆడవాళ్ల ముఖాలు వేస్తారు. వాటిలో చూపు బాగుంటుంది, వెళ్లి చూడండి.

ఇందాక నడకలో ఒకమ్మాయి అడిగింది, "సర్, ఇది గ్రాఫిటీయేనా" అని. మంచి ప్రశ్న. కాదమ్మా. ఇంటివాళ్లని అడిగి, నిచ్చెన వేసుకుని, పగటిపూట, టీ తాగుతూ వేసింది మ్యూరల్. గోడ మీద బొమ్మ. గ్రాఫిటీ అంటే ఎవరినీ అడక్కుండా గోడ మీద రాసేసేది, దాని కథ వేరే. అది అసలు బొమ్మగా పుట్టలేదు, పేరుగా పుట్టింది.

1960ల చివర్లో ఫిలడెల్ఫియాలో ఒక కుర్రాడు 'కార్న్‌బ్రెడ్' అని తన మారుపేరు ఊరంతా రాశాడు. అతను చచ్చిపోయాడని పేపర్లో తప్పు వార్త వస్తే, బతికే ఉన్నానని చెప్పడానికి జూలో ఏనుగు మీద రాశాడని చెప్పుకుంటారు. (నవ్వులు) పాపం ఏనుగు. న్యూయార్క్‌లో 183వ వీధిలో ఉండే ఒక గ్రీకు కుర్రాడు, కవర్లు చేరవేసే పని చేసేవాడు. ముద్దుపేరు టాకి. వెళ్లిన చోటల్లా మార్కర్ పెన్నుతో 'టాకి 183' అని రాసి వచ్చేవాడు. 1971లో న్యూయార్క్ టైమ్స్ వాళ్లు అతని గురించి వార్త వేశారు. ఇంకేముంది, ఊళ్లో ప్రతి కుర్రాడూ పేరూ వీధి నంబరూ రాయడం మొదలుపెట్టాడు. మెట్రో రైలు పెట్టెల నిండా పేర్లే. ఇక్కడ నాకు నచ్చే విషయం ఒకటుంది. వాళ్లు తమని ఆర్టిస్టులం అని చెప్పుకోలేదు. 'రైటర్లం' అన్నారు. ఇప్పటికీ ఆ రంగంలో వాళ్లని రైటర్లనే అంటారు.

మన దగ్గర సరిగ్గా తలకిందులు. పొద్దస్తమానం అక్షరాలు తప్ప ఇంకేమీ రాయని మమ్మల్ని జనం 'ఆర్టిస్టు' అని పిలిచేవాళ్లు. బోర్డు కింద మూలన చిన్నగా 'ఫలానా ఆర్ట్స్' అని సంతకం. వాళ్లు రాసేవాళ్లమంటే, మేము గీసేవాళ్లమన్నాం. ఎందుకో చాలా ఏళ్లు ఆలోచించాను. తెలుగు అక్షరం రాయడం గీయడమే కాబట్టి అని ఇప్పుడనిపిస్తుంది.

ఎలాగో చెప్తాను. ఇంగ్లిష్ పెద్దక్షరాలు రాయాలంటే రెండు గీతలు చాలు. దారానికి రంగు పొడి పట్టించి, అటొకరు ఇటొకరు పట్టుకుని లాగి వదిలితే 'టప్' మని గోడ మీద గీత పడుతుంది. పైగీత, కిందగీత, మధ్యలో అక్షరాలు. అంతే. తెలుగుకి అలా కుదరదు. 'స్త్రీ' అనే మాట తీసుకోండి. ఒక్క అక్షరమే. మధ్యలో స, నెత్తిన గుడిదీర్ఘం, కింద త ఒత్తు, దాన్ని చుట్టుకుని క్రారావడి. మూడంతస్తుల ఇల్లు. పై వరుసలో ఒత్తు కిందకి దిగుతుంది, కింది వరుసలో గుడి పైకి లేస్తుంది, రెండూ గుద్దుకుంటాయి. అందుకని తెలుగు రాసేవాడు వరుసకీ వరుసకీ మధ్య ఎంత వదలాలో ముందే కన్నుతో కొలుచుకోవాలి. 'మహిళా మండలి' అని రాయడం తేలిక. 'స్త్రీ శక్తి' రాయమంటే మా ఉస్తాద్ ఒక బీడీ కాల్చి గానీ మొదలుపెట్టేవాడు కాదు.

మా ఉస్తాద్ గురించి చెప్పాలి. 1989 ఎన్నికలు. అసెంబ్లీకీ లోక్‌సభకీ ఒకేసారి వచ్చాయి. అదే నా మొదటి సీజన్. ఏ పార్టీ అని అడగకండి, డబ్బులిచ్చిన పార్టీ. ముందుగా గోడ పట్టుకోవాలి. అంటే రాత్రికి రాత్రి వెళ్లి సున్నం కొట్టి, మూలన పార్టీ పేరు, పక్కన 'రిజర్వుడు' అని రాసి వచ్చేయడం. ఆ తర్వాత ఇంకో పార్టీవాడు దాన్ని ముట్టుకోకూడదు. ఇంటివాణ్ని అడగడం అనే ఆచారం ఏమీ లేదు. పొద్దున లేచి చూసుకుంటే వాళ్ల గోడ ఎవరికో రిజర్వు అయి ఉండేది.

రంగులు డబ్బాల్లో కొన్నవి కాదు. ఎర్రకి జాజు, నీలానికి నీలిమందు, అవి గోడకి పట్టడానికి బంక. పెట్రోమాక్స్ లైటు ఒకడు పట్టుకునేవాడు. ఉస్తాద్ ఆ రోజు నన్ను నమ్మి ఒక గోడ ఒంటరిగా ఇచ్చాడు. రాయాల్సింది 'అత్యధిక మెజారిటీతో గెలిపించండి'. అక్షరాలు ముందే లెక్కపెట్టుకుని, గోడ మధ్యలో ఏ అక్షరం రావాలో చూసుకుని అటూ ఇటూ పంచుకోవాలి. అది చెప్పాడు. నేను తల ఊపాను. తర్వాత మర్చిపోయాను. 'అత్యధిక' దగ్గర హుషారుగా ఇంత వెడల్పున రాసుకుంటూ పోయాను. 'మెజారిటీతో' దగ్గర టెన్షన్ మొదలైంది. 'గెలిపిం' అనేసరికి గోడ అయిపోయింది. మలుపు తిరిగితే పక్కింటివాళ్ల గోడ, అది ఎదుటి పార్టీకి రిజర్వుడు. చేసేది లేక కింది వరుసలో మిగిలింది రాశాను: 'చండి'.

పొద్దున ఉస్తాద్ సైకిల్ ఆపి, బీడీ నోట్లోంచి తీయకుండానే అడిగాడు: "చండి ఎవరురా? మన కాండిడేటుకు ఇంటి దేవతా?" (నవ్వులు) సగం డబ్బులే వచ్చాయి. ఎన్నికలయ్యాక కూడా రెండు వానాకాలాలు ఆ గోడ అలాగే ఉంది. మా వీధిలో నన్ను కొన్నాళ్లు చండి ఆర్టిస్ట్ అన్నారు.

నా తప్పుని వదిలేయండి. మాలో అందరూ చేసే తప్పు ఇంకోటి ఉండేది. 'వర్ధిల్లాలి'. ధ ఒత్తుకి కింద ఉండే ఆ చిన్న గీత మర్చిపోయి ద ఒత్తు చేసేవాళ్లం. రాష్ట్రమంతటా ఎంతమంది నాయకులు 'వర్దిల్లారో' లెక్కలేదు.

ఆ పని ఎలా పోయిందంటే, కొంచెం శేషన్ గారు తీసుకుపోయారు. 1990 నుంచి ఆరేళ్లు ఆయన ప్రధాన ఎన్నికల కమిషనర్. గోడల మీద రాతలు, మైకుల మోత, ఖర్చు, అన్నిటి మీదా కొరడా ఝళిపించారు. ఊళ్లు శుభ్రమయ్యాయని పేపర్లు మెచ్చుకున్నాయి, నిజమే. మా ఇంట్లో మాత్రం ఆయన పేరు ఎత్తితే మా అమ్మ లోపలికి వెళ్లిపోయేది. తర్వాత 1997లో మన ఉమ్మడి రాష్ట్రంలో బహిరంగ ప్రదేశాలని పాడుచేయకూడదని ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. అసభ్య పోస్టర్లని కూడా అందులోనే కలిపారు. 2000 తర్వాత ఫ్లెక్స్. మేము మూడు రోజుల్లో రాసే బోర్డు మూడు గంటల్లో, ఓనరు కొడుకు ఫొటోతో సహా వచ్చేస్తుంటే ఇక మమ్మల్ని ఎవరు పిలుస్తారు? ఫ్లెక్స్ మీద నాకు కోపం లేదు. దాని మీది తెలుగు అక్షరాల మీద ఉంది. ఊళ్లో ప్రతి బోర్డుకీ అవే నాలుగు ఫాంట్లు.

అయితే డబ్బు కోసం కాకుండా గోడ మీద రాసినవాళ్లు కూడా మనకున్నారు. మన గ్రాఫిటీ అంటే అసలు వాళ్లది. ఉస్మానియా యూనివర్సిటీ గోడలు చూడండి. 1972 ఏప్రిల్‌లో విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని క్యాంపస్‌లోనే చంపారు. అతని పేరుతో ముడిపడిన ఆ నినాదం, 'జీనా హై తో మర్నా సీఖో', బతకాలంటే చావడం నేర్చుకో అని, ఎన్ని తరాల విద్యార్థులు ఎన్నిసార్లు రాశారో. సున్నం వేస్తారు, మళ్లీ రాస్తారు. 2009 తర్వాత తెలంగాణ ఉద్యమంలో ఆర్ట్స్ కాలేజీ చుట్టుపక్కల జై తెలంగాణ లేని గోడ లేదు. వాటిలో చాలావరకు స్టెన్సిల్, అంటే అక్షరాల ఆకారం కోసిన రేకు గోడకి ఆనించి పైన రంగు కొట్టడం. స్టెన్సిల్ దేనితో కోస్తారో తెలుసా? ఎక్స్‌రే ఫిల్ము. అట్ట అయితే రంగు తడికి రెండో గోడకే మెత్తబడుతుంది. ఎక్స్‌రే తడవదు, వంగుతుంది, చుట్టి చొక్కా లోపల పెట్టుకోవచ్చు, బ్లేడుకి శుభ్రంగా తెగుతుంది. నేనే ఒకసారి ఒక కుర్రాడికి కోసి పెట్టాను. ఎవరిదో విరిగిన ముంజేయి. దాంట్లో అక్షరాలు కోసి లైటుకి పట్టుకుని చూస్తే, ఎముకల మధ్యలోంచి నినాదం కనబడింది. తెలుగు స్టెన్సిల్లో ఒక చిక్కు ఉంది. మన అక్షరాల్లో సున్నలు ఎక్కువ కదా, సున్న చుట్టూ కోస్తే లోపలి చుక్క ఊడి పడిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి సన్నటి వంతెనలు వదలాలి. అందుకే స్టెన్సిల్ తెలుగులో ప్రతి సున్నా రెండు ముక్కలుగా ఉంటుంది. ఈ సారి గమనించండి.

పోస్టర్ల జిగురు గురించి కూడా ఎవరో అడిగారు. మైదా ఉడకబెట్టి చేస్తారు, అందులో మైలతుత్తం కలుపుతారు. లేకపోతే పురుగు పడుతుంది. అయినా ఆవులు ఆ పోస్టర్లు నమలడం మానలేదు.

ఇంతకీ ఈ పేర్ల పిచ్చి కొత్తదేం కాదు. రెండు వేల ఏళ్ల కిందటి, ఇటలీలోని పాంపే ఊరి గోడల మీద, "ఓ గోడా, ఇంతమంది పిచ్చిరాతలు మోస్తూ ఇంకా కూలలేదా" అని ఎవరో లాటిన్లో రాశారు. ఆ వెక్కిరింత కూడా గోడ మీదే రాయడం చూడండి. అంత దూరం అక్కర్లేదు. మన కీసరగుట్ట వెళ్లండి. అక్కడ ఒక బండ మీద ఒకే ఒక్క మాట చెక్కి ఉంది. 'తొలచువాండ్రు' అని చదువుతారు. రాళ్లు తొలిచేవాళ్లు అని అర్థం. విష్ణుకుండిన రాజుల కాలం నాటిది, సుమారు 5వ శతాబ్దం అంటారు. తెలుగులో దొరికిన అతి పాత రాతల్లో ఒకటి. రాజు పేరు లేదు, దానం లేదు, శాపం లేదు. పనివాళ్లు 'మేం' అని రాసుకున్నట్టుంది. నా లెక్కలో అది టాకి 183 కంటే పదిహేను వందల ఏళ్లు సీనియర్.

ఇప్పుడు నా ఫిర్యాదు. 2016లో ఊళ్ల శుభ్రతకి మార్కులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీ మొదలయ్యాక ప్రతి మున్సిపాలిటీకీ గోడలు గుర్తొచ్చాయి. ఫ్లైఓవర్ స్తంభాలు, స్కూలు ప్రహరీలు, అన్నిటికీ బొమ్మలు. కొన్ని మంచివి. చేరియాల పటాల బొమ్మల నకాషీ పద్ధతిలో వేసిన చోట ఆ ఎర్ర నేపథ్యం, ఆ పెద్ద కళ్లు చూస్తే వెంటనే మన ఊరని తెలుస్తుంది. మిగతావి? నెమలి. నాట్యం చేసే అమ్మాయి. బోనం. చార్మినార్. చార్మినార్ ఉన్న ఊళ్లో స్తంభానికొక చార్మినార్ ఎందుకు వేయాలి? అందులో ఎవరికీ ఏ గొడవా లేదు, అదే నాకు గొడవ. పైగా ఒక్క అక్షరం ఉండదు. ఉంటే 'ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు', అదీ ఫ్లెక్స్ ఫాంటులో. మక్తాలో ఈ పొద్దున మనం చూసిన బొమ్మల్లో తెలుగు మాట ఉన్నవెన్ని? నేను లెక్కపెట్టాను. వేళ్ల మీద లెక్కపెట్టడానికి కూడా పని పడలేదు.

"వేసిన బొమ్మ చెరిపేస్తే ఎవరికి చెప్పుకోవాలి" అని ఒక చీటీ వచ్చింది. అనుమతి లేకుండా వేస్తే ఎవరికీ చెప్పుకోలేం. పిలిచి వేయించుకున్నదైతే మాత్రం మన కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఉంది, తన పనిని పాడుచేస్తే చేసినవాడు అడిగే హక్కు అది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకి పెద్ద కంచు మ్యూరల్ చేసిచ్చారు. 1979లో ప్రభుత్వం దాన్ని ఊడబీకి గోడౌన్లో పడేసింది. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన ముక్కలు ఆయనకిచ్చేయాలని, 5 లక్షలు నష్టపరిహారం కట్టాలని తీర్పు చెప్పింది. గెలిచారు, కానీ చూడండి ఎన్నేళ్లు పట్టిందో. అమెరికాలో న్యూయార్క్ క్వీన్స్‌లో ఒక పాత ఫ్యాక్టరీ గోడల నిండా ఉన్న గ్రాఫిటీకి యజమాని 2013లో రాత్రికి రాత్రి తెల్ల సున్నం కొట్టించాడు. వాటిని వేసిన 21 మందికి 67 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. మా ఉస్తాద్ గోడలు ఆ లెక్కన...! సరే పోనివ్వండి.

ఢిల్లీలో డాకు అనే పేరుతో ఒకాయన ఉన్నాడు. ముఖం ఎవరికీ చూపించడు. లోదీ కాలనీలో ఒక గోడకి అక్షరాలని బయటికి పొడుచుకొచ్చేలా బిగించాడు. రంగు లేదు. ఎండ పడ్డప్పుడు నీడలే మాటలవుతాయి. పొద్దు కదిలేకొద్దీ ఆ నీడ సాగుతుంది, వంగుతుంది, తర్వాత మాయమవుతుంది. కాలం అన్నిటినీ మారుస్తుందని ఆ మాటల అర్థం. అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. నేను దాని ముందు గంటసేపు నిలబడ్డాను. తలకట్టుకి నీడ పడితే ఎలా ఉంటుంది, క్రారావడి నీడ ఎటు తిరుగుతుంది, అదే నా ఆలోచన. పక్కన చాయ్ అమ్మే అబ్బాయి నాకు వడదెబ్బ తగిలిందనుకుని నీళ్లిచ్చాడు.

స్ప్రే డబ్బాకి తెలుగు సరిపోదని కుర్రాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. పోయిన నెల మా మేడ మీద నీళ్ల ట్యాంకు మీద ప్రయత్నం చేశాను. డబ్బా గోడకి దగ్గర పెడితే గీత సన్నగా, దూరం జరిపితే లావుగా వస్తుంది. ఇంగ్లిష్ అక్షరానికి చెయ్యి ఆపి, కోణం తిప్పి, మళ్లీ మొదలుపెట్టాలి. తెలుగుకి ఆపక్కర్లేదు. భుజం నుంచి ఒక్క ఊపులో 'అ' వచ్చేస్తుంది, మన అక్షరాలన్నీ గుండ్రాలే కదా. ఒత్తుల దగ్గర రంగు కారింది, నిజమే. అది నా చెయ్యి తప్పు, అక్షరం తప్పు కాదు. మా ఆవిడ వచ్చి చూసి, "ఈ వయసులో ఇదేంటండీ, కిందింటివాళ్లు ఏమనుకుంటారు" అంది. ట్యాంకు మీద ఏం రాశానో అడగలేదు. 'చండి' అని రాశాను.

మధ్యాహ్నం మనం ఛత్తా బజార్ వెళ్తున్నాం. పెళ్లి కార్డులు అచ్చేసే గల్లీ అది, ఉర్దూ ఖత్, అంటే అందమైన అక్షరాలు, చేత్తో రాసేవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్లు కలం పట్టే తీరు చూడండి, కొనని ఏటవాలుగా కోసుకుంటారు. అడక్కుండా ఫొటోలు తీయకండి. తెలుగు కార్డు రాయించాలంటే ఎవరి దగ్గరకి పోవాలని నన్నడక్కండి. టీ వచ్చింది. తాగేసి ఇరవై నిమిషాల్లో గేటు దగ్గర కలుద్దాం, ఎండ ఎక్కువైంది, టోపీలు మర్చిపోకండి.